రంగము వలస: పోయినవారు, పంపినవారు

మన మహాసభ కూడిన ఈ నర్సీపట్నమునుండి చూచినచో కొండలే కాని సముద్రము కానరాదు. అయినను ఈ ప్రాంతపు వృద్ధుల నోట “రంగము పోయినాడు” అను మాట మొన్నమొన్నటి వఱకు వినబడుచుండెను. రంగమనగా రంగూను. మన పూర్వు లచ్చటి కేల పోయిరో, ఏమి తెచ్చిరో, ఏమి పోగొట్టుకొనిరో సోదరులకు విన్నవింపదలచితిమి.

కఱవే కారణమని చెప్పుట పరిపాటి. 1866లోను, 1896–97లోను ఉత్తర సర్కారులను కఱవు పీడించిన మాట నిజమే. కాని కఱవు మనుష్యుని ఊరు విడిపించును గాని సముద్రము దాటింపదు. ఓడకూలి ఎవరో ఇయ్యవలెను గదా!

ఇచ్చినవాడు మేస్త్రీ. 1852లో దిగువ బర్మా ఇంగ్లీషువారి వశమయ్యెను. 1869లో సూయజు కాలువ తెఱచుటతో బర్మా బియ్యమునకు ఐరోపాలో గిరాకి హెచ్చెను. ఐరావతీ ముఖభూములలోని అడవులు వరిమళ్లయ్యెను. కోతలకు, బియ్యపు మిల్లులకు, రేవులో బస్తాల మోతకు మనుష్యులు కావలసివచ్చిరి. మారిషసునకు, నేటాలునకు పోయినవారికి గిర్మిటు పత్రముండెను. బర్మాకు పోవువానికి మేస్త్రీ యిచ్చు బయానాయే పత్రము. కూలి డబ్బు మేస్త్రీ చేతిమీదుగానే వచ్చెడిది. బయానా విఱిచికొన్న పిదప మిగిలినది కూలీది. బయానా పుచ్చుకొని పని మానినవానికి మూడు మాసముల వఱకు ఖైదు విధింపవచ్చునని 1859 నాటి 13వ చట్టము చెప్పెను. అది 1925లో గాని రద్దు కాలేదు.

ఆ మేస్త్రీ పరాయివాడు కాడు. తఱచుగా మన ఊరివాడే, మన కులమువాడే. మేస్త్రీలందఱు దుర్మార్గులని మా భావము కాదు. పరదేశమున జబ్బుపడిన కూలీకి వాడుతప్ప వేఱు దిక్కు లేకుండెను. అయితే తిరిగివచ్చి పెంకుటిండ్లు కట్టి, భూములు కొన్న మేస్త్రీల పేర్లు మన వంశవృక్షములలో నున్నవి. వారి వెంట పోయిన కూలీల పేర్లు లేవు. ఇంటివద్ద చేను దున్నించి బిడ్డలను సాకిన ఆడువారి సంగతి చెప్పనే అక్కఱలేదు.

1931 నాటికి రంగూను జనములో సగమునకు పైగా భారతీయులే. 1930 మే మాసమున మన తెలుగు రేవుకూలీలు కూలి పెంచుమని సమ్మె కట్టగా, వారికి బదులు బర్మీయులను పెట్టుకొనిరి. సమ్మె తీఱినంతనే ఆ బర్మీయులను పొమ్మనిరి. అందుపై చెలరేగిన కలహములో అనేకులు హతులైరి. ఇరుపక్షముల పేదలు కొట్టుకొనుచుండగా ఓడల యజమానులకు గాయమైనట్లు మేమెచ్చటను చదువలేదు.

1941 డిసెంబరు 23న జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. లక్షలాది జనులు అరకాను, మణిపురపు కొండలమీదుగా కాలినడకన తరలిరి; దారిలో కలరాకు, ఆకలికి బలియైనవారికి లెక్క లేదు. 1962 తరువాత బర్మా సైనిక ప్రభుత్వము వ్యాపారములను జాతీయము చేయగా మఱికొందఱు వచ్చిరి. విశాఖపట్టణపు కంచరపాలెమున బర్మా క్యాంపు అను పేరు నేటికిని నిలిచియున్నది.

2024 మే మాసమున విశాఖ ప్రాంతపు యువకులు కొందఱు కాంబోడియానుండి మరలివచ్చిరి. ఉద్యోగములని ఏజెంట్లు పంపగా, అచ్చట సైబరు మోసముల పనికి నిర్బంధింపబడిరి. ఆ ఏజెంట్లలో స్థానికులను పోలీసులు నిర్బంధించిరి. మేస్త్రీ మాట మాకపుడు జ్ఞప్తికి వచ్చెను.

సోదరుల యిండ్లలో పాత ఓడ టిక్కెట్లు, మనియార్డరు రసీదులు, ఉత్తరములు ఉన్నచో సంఘమునకు చూపగోరెదము. కాగితము లేకున్న, కూలీగా పోయినవాని పేరైనను చెప్పుడు, వ్రాసికొందుము.