ఇటుకలు చేసేవాడు అతికించిన ముక్కు

దుబాయిలో అల్ వస్ల్ రోడ్డు మీద వెళ్తుంటే ఎటు చూసినా అందాల క్లినిక్కులే. ముక్కు, పొట్ట, పెదాలు... దేనికదే ప్యాకేజీ. పక్కపక్కనే "ముందు", "తర్వాత" అని రెండు ఫొటోలు. ఆ "తర్వాత" ఫొటోలో మచ్చన్నది భూతద్దం పెట్టి వెతికినా కనపడదు.

మొన్నో శనివారం ఆ రోడ్డు మీదుగా ఒక కుర్రాణ్ణి ఆసుపత్రి నుంచి షార్జాలో వాడి రూముకి తీసుకెళ్తున్నాను. వాడిది కరీంనగర్ దగ్గర పల్లె. వంట చేస్తుంటే మరిగే నూనె కుడిచేతి మీద పడింది. డాక్టర్లు తొడ మీది చర్మం పల్చగా తీసి చేతికి వేశారు. ఆ రోజే కట్టు విప్పారు. కారెక్కాక చాలాసేపు చెయ్యి వంక చూస్తూ కూర్చుని, చివరికి అన్నాడు:

"అన్నా, ప్లాస్టిక్ సర్జరీ అంటే పాత చెయ్యి వస్తదనుకున్న. ఇదేంది, బొంతకు అతుకేసినట్టుంది? ఇంట్ల సంబంధాలు చూస్తున్నరు..."

నాకు వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. ఈలోగా అల్ ఇత్తిహాద్ రోడ్డు జామ్‌లో ఇరుక్కున్నాం. (షార్జా ట్రాఫిక్కు ఉపయోగపడిన ఏకైక సందర్భం ఇదే!) సరే, ఒక కథ చెప్తా విను తమ్ముడూ, అన్నాను. ఆ కథే ఇక్కడ రాస్తున్నా.

టిప్పు సుల్తానుకీ ఇంగ్లీషువాళ్ళకీ 1790-92లో యుద్ధం జరిగింది. మన కడప టిప్పు చేతిలోంచి నిజాం చేతికి వచ్చింది ఆ యుద్ధంతోనే. అందులో ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లు తోలిన మరాఠా ప్రాంతపు మనిషి కొవాస్జీ. టిప్పు మనుషులకు చిక్కాడు. ముక్కూ, ఒక చెయ్యీ కోసేశారు. మన దేశంలో ముక్కు కోయడమంటే మనిషిని చంపకుండానే నలుగురిలో లేకుండా చెయ్యడం. శూర్పణఖ కథ విన్నవాళ్ళం, మనకు వేరే చెప్పాలా?

ఏడాది పాటు అలాగే బతికి, ఆ తర్వాత పుణె దగ్గర ఒకాయన చేత ముక్కు పెట్టించుకున్నాడు. ఆయన ఇటుకలు చేసే కులంవాడు. ముందు మైనాన్ని పల్చని రేకులా చేసి ముక్కు ఆకారంలో అమర్చాడు. దాన్ని విప్పి నుదుటి మీద పరిచి చుట్టూ గీత గీశాడు. ఆ గీత వెంట చర్మం కోసి, కనుబొమల మధ్య మాత్రం చిన్న కాడ వదిలేసి, కిందికి తిప్పి ముక్కు చోట అతికించాడు. పైన మనం కిళ్ళీలో వేసుకునే కాచు పూత, కొన్నాళ్ళకి నేతిలో తడిపిన గుడ్డలు. సుమారు 25వ రోజున ఆ కాడ కోసేశాడు.

కాడ ఎందుకంటే, మల్లెతీగను నేలంటు కట్టడం గుర్తు తెచ్చుకోండి. కొమ్మను వంచి మట్టిలో పాతినా, వేళ్ళు పట్టేదాకా తల్లి తీగ నుంచి తెంపం. కొత్త చోట రక్తనాళాలు కుదిరేదాకా ఆ చర్మాన్ని బతికించేది కాడే. మా కుర్రాడి చేతిది వేరే పద్ధతి, నారు పీకి నాటినట్టు. ఆ నారుకి కింద గాయంలోంచే రక్తం అందాలి. ఇలాంటి అతుకుల్లో రంగు తేడా, ముడుచుకోవడం మామూలు.

ఇది పుణె ఆయన కనిపెట్టిందేం కాదు. దాదాపు రెండు వేల ఏళ్ళనాటి సుశ్రుత సంహితలోనే ఆకుతో ముక్కు కొలత తీసి, బుగ్గ చర్మంతో ముక్కు కట్టే పద్ధతి ఉంది. ఆ గ్రంథాన్ని మంకా అనే భారతీయ వైద్యుడు బాగ్దాదులో అరబ్బీలోకి మార్చాడని పదో శతాబ్దపు ఇబ్న్ అల్ నదీమ్ పట్టికలో ఉంది. అంటే ఈ అరబ్బు నేలకూ మన వైద్యానికీ చుట్టరికం పాతదే.

కొవాస్జీ సంగతి 1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్మన్స్ మాగజైన్ బొమ్మతో సహా అచ్చేసింది. ఆపరేషన్ చేసినాయన పేరు మాత్రం వెయ్యలేదు. అదే పద్ధతిలో జోసెఫ్ కార్ప్యూ అనే సర్జన్ 1814లో లండన్‌లో ముక్కు పెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో హెరాల్డ్ గిల్లీస్ బృందం సిడ్కప్ ఆసుపత్రిలో 5,000 మందికి పైగా సైనికులకు 11,000కు పైగా ఆపరేషన్లు చేసింది. లెక్క చూడండి, సగటున తలకి రెండు పైనే. ఒక్క దెబ్బతో తేలే పని కాదన్నమాట.

మరి అందం కోసం చేయించుకోవడం? 1896లో బెర్లిన్‌లో చేటంత చెవులున్న పిల్లవాణ్ణి బడిలో ఏడిపిస్తుంటే, జాక్ జోసెఫ్ అనే డాక్టరు ఆ చెవులు సరిచేశాడు. జబ్బు లేనివాడికి కత్తి పెట్టాడని ఉద్యోగం పోయింది! కాబట్టి నేను దాన్ని వెక్కిరించను. నలుగురిలోకి వెళ్ళలేని బాధ ఇద్దరిదీ. కానీ ముక్కు ఆపరేషన్ వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది పట్టొచ్చని, కోసిన చోటల్లా ఎంతో కొంత మచ్చ ఉంటుందని, సిగరెట్టు, షీషా మానకపోతే రక్తం సరిగ్గా అందక చర్మం చచ్చిపోవచ్చని ఆ బోర్డుల మీద రాయరు. లైసెన్సు చూసుకోవడం, "నాకు మచ్చ ఎక్కడుంటుంది? తేడా వస్తే ఎవరు చూస్తారు?" అని ముందే అడగడం మన పని.

కథ అయ్యేసరికి అల్ నహదా వచ్చింది. ఫోనులో కొవాస్జీ బొమ్మ తీసి వాడికి చూపించాను. ఆపరేషన్ అయిన పది నెలలకు, 1794 జనవరిలో వేసింది. తలపాగా కింద నుదుటి మీద, చర్మం తీసిన చోట మచ్చ స్పష్టంగా ఉంది. దాచలేదు.

"మచ్చ పోలే గదన్నా" అన్నాడు వాడు.

"పోలేదు. ముక్కు వచ్చింది."

వాడు కాసేపు బొమ్మ చూసి, కుడిచేతి వేళ్ళు మెల్లగా ముడిచి, తెరిచి చూసుకున్నాడు. పిడికిలి పూర్తిగా పడలేదు. డాక్టరు చెప్పిన బిగుతు గ్లౌజు కొన్ని నెలలు వేసుకోవాలి, రోజూ వ్యాయామం చెయ్యాలి. దిగేటప్పుడు తలుపు మాత్రం ఆ చేత్తోనే తీశాడు.