సైకిల్ చైన్ శుభ్రం చేసి ఆయిల్ వేయడం: ఇంట్లోనే ఎలా?

సైకిల్ తొక్కుతుంటే కరకరమని శబ్దం వస్తే చాలా ఇళ్లలో ముందుగా చేసే పని ఒకటే. చేతికి దొరికిన నూనె సీసా తీసుకుని చైన్ మీద పోసేయడం. శబ్దం వెంటనే ఆగిపోతుంది, పని అయిపోయిందనుకుంటాం. కొద్ది రోజులకే చైన్ మీద నల్లటి ముద్ద పేరుకుంటుంది, మళ్లీ అదే శబ్దం. లోపలి మురికి తీయకుండా పైన పోసిన నూనె మట్టిని పట్టి ఉంచుతుంది. ఆ మట్టిలోని సన్న ఇసుక నూనెతో కలిసి ఉప్పు కాగితంలా ఇనుమును అరగదీస్తుంది.

ఇది చిన్న విషయం కాదు. అరిగిన చైన్ జారేది మామూలుగా తొక్కేటప్పుడు కాదు, బలంగా తొక్కేటప్పుడే. రోడ్డు దాటుతూ పిల్లవాడు పెడల్ మీద లేచి నిలబడిన క్షణంలో చైన్ జారితే కాలు ఒక్కసారిగా కిందికి పోతుంది, మనిషి హ్యాండిల్ మీద పడతాడు. తెల్లవారుజామునే బ్రెడ్, రస్కుల డబ్బా కట్టుకుని బయల్దేరే చాచాకు చైన్ తెగితే ఆ రోజు బేరం పోయినట్టే.

మనం ఇప్పుడు వాడే రోలర్ చైన్‌ను 1880లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ తయారు చేశాడు. 1885 నాటి రోవర్ సైకిల్ వెనక చక్రాన్ని చైన్‌తో తిప్పే పద్ధతికి పేరు తెచ్చింది. అప్పటి నుంచి చైన్ రూపం పెద్దగా మారలేదు. రెండు పక్కల పట్టీలు, మధ్యలో పిన్ను, దాని చుట్టూ తిరిగే చిన్న రోలర్. ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. ఆయిల్ అవసరమైన చోటు పిన్నుకూ రోలర్‌కూ మధ్య ఉండే సందు. పైన మెరిసే పట్టీలకు ఆయిల్‌తో పెద్దగా పని లేదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

పని మొదలుపెట్టే ముందు చిన్న పిల్లల్ని పక్కకు పంపండి. తిరిగే చైన్‌కూ చైన్ వీల్ పళ్లకూ మధ్య వేలు పడితే నలగడమే కాదు, తెగిపోవచ్చు కూడా. పెడల్ తిప్పేదీ, గుడ్డ పట్టేదీ ఒకే మనిషి అయి ఉండాలి. ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు తుడవడం వద్దు.

సైకిల్‌ను డబుల్ స్టాండ్ మీద నిలబెట్టండి, లేదంటే తలకిందులు చేయండి. పాత బనియన్ గుడ్డను కొద్దిగా కిరోసిన్‌తో తడిపి, పళ్లకు దూరంగా చైన్ మధ్య భాగాన్ని వదులుగా పట్టుకోండి. రెండో చేత్తో పెడల్‌ను నెమ్మదిగా వెనక్కి తిప్పండి. గుడ్డ నల్లబడగానే మడత మార్చండి. జిడ్డు గట్టిపడి ఉంటే పాత టూత్ బ్రష్‌తో నాలుగు వైపులా రుద్దాలి. కిరోసిన్ దొరక్కపోతే డీజిల్ పనికొస్తుంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు కడిగే లిక్విడ్ కలిపినా జిడ్డు వదులుతుంది, కాకపోతే కాస్త ఎక్కువసేపు రుద్దాలి. పెట్రోల్ మాత్రం వద్దు. దాని ఆవిరి దూరంలో ఉన్న పొయ్యి మంటను కూడా అందుకుంటుంది. కిరోసిన్, డీజిల్ గుడ్డలను కూడా వంటగది వైపు తీసుకెళ్లకండి.

వెనక ఫ్రీవీల్ మీద కిరోసిన్ పోసేయడం చాలామంది చేసే తప్పు. దాని లోపల ఉన్న ఆయిల్ కూడా కడుక్కుపోతుంది. పళ్ల సందుల్లోని మట్టిని పుల్లతో గీకి, తడి గుడ్డతో తుడిస్తే చాలు. ఆ తర్వాత చైన్‌ను పొడి గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద వేసిన ఆయిల్ సందులోకి దిగదు. పాత మోడల్ సైకిళ్లకు చైన్ మొత్తాన్ని మూసేసే కవర్ ఉంటే ఒక పక్క రేకు విప్పక తప్పదు. ఆ రెండు మూడు స్క్రూలను ఏదైనా మూతలో వేసి పెట్టుకోండి, లేకపోతే సాయంత్రం దాకా వెతుక్కోవాల్సిందే.

ఇక ఏ ఆయిల్ వేయాలి? చాలా ఇళ్లలో కుట్టు మిషన్ ఉంటుంది, దాని ఆయిల్ బాగానే పనిచేస్తుంది. పలచగా ఉండి సందులోకి త్వరగా దిగుతుంది కానీ, వాన పడితే త్వరగానే కడుక్కుపోతుంది. కొత్త ఇంజిన్ ఆయిల్ అంతకంటే ఎక్కువ రోజులు నిలుస్తుంది, కాకపోతే దుమ్ము కాస్త ఎక్కువ పడుతుంది. బండ్ల షాపులో ఊరికే ఇచ్చే వాడేసిన నల్ల ఆయిల్ వద్దు, అందులో మసి, ఇనుప రజను ఉంటాయి. కొబ్బరి నూనె, వంట నూనెలు కొన్నాళ్లకు జిగురుగా మారతాయి. గ్రీజు మందంగా ఉండి లోపలికి పోకుండా పైనే నిలిచి దుమ్ము పడుతుంది. డబ్ల్యూడీ-40 స్ప్రే తేమను తరమడానికి, తుప్పు వదిలించడానికి మంచిదే. అది కొట్టి అంతటితో వదిలేయకండి, తర్వాత ఆయిల్ వేయాల్సిందే.

వేసే తీరు ఇదీ. కింది వరస చైన్ లోపలి వైపున ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క వేస్తూ, పెడల్ వెనక్కి తిప్పుతూ పోండి. ఎక్కడ మొదలుపెట్టారో సుద్ద ముక్కతో గుర్తు పెట్టుకుంటే రెండో చుట్టు పడదు. అంతా అయ్యాక ఓ ఇరవై సార్లు పెడల్ తిప్పి, పదిహేను నిమిషాలు వదిలేయండి. తర్వాత పొడి గుడ్డతో పైన ఉన్న ఆయిల్ మొత్తం తుడిచేయాలి. చాలామందికి ఇక్కడే మనసొప్పదు, వేసిన ఆయిల్ తుడవడమేంటి అంటారు. లోపలికి పోవాల్సింది పోయింది, పైన మిగిలింది మట్టి కోసం పెట్టిన జిగురే.

ఆయిల్ రిమ్ మీద, బ్రేక్ రబ్బర్ల మీద పడకుండా చూసుకోండి. ఎనిమిదో తరగతిలో నేను ఉత్సాహంగా సీసా సగం ఖాళీ చేశాను. మర్నాడు మా బస్తీ వాలులో బ్రేక్ పడలేదు, నేరుగా వెళ్లి అరటిపళ్ల బండిని గుద్దాను. మోకాలికి పడిన కుట్ల గుర్తు ఇప్పటికీ ఉంది. ఆయిల్ పడితే రిమ్‌ను సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక నడుస్తూ బ్రేక్ పట్టి చూసి, తర్వాతే ఎక్కండి. డిస్క్ బ్రేక్ ఉన్న సైకిల్ దగ్గర స్ప్రే అసలే వద్దు, చుక్కలుగానే వేయండి.

చైన్ "సాగింది" అంటారు కదా, నిజానికి పట్టీలు సాగవు. లోపల పిన్నులు అరిగి సందు పెరుగుతుంది, అందుకే పొడవు పెరిగినట్టు కనిపిస్తుంది. కొలవడానికి స్టీల్ స్కేల్ చాలు. చైన్ బిగుతుగా ఉండగా ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టండి. అక్కడి నుంచి ఇరవయ్యో పిన్ను సరిగ్గా 10 అంగుళాల దగ్గర ఉండాలి. ఒక మిల్లీమీటరు దాటితే కొత్త చైన్ గురించి ఆలోచించండి. రెండున్నర దాటితే ఫ్రీవీల్ పళ్లు కూడా అరిగి ఉంటాయి, కొత్త చైన్ వేసినా జారుతుంది. కామర్స్ చదివినవాడి లెక్క చెబుతున్నా: ఒక్క చైన్ ఖర్చుతో పోయేది, ఆలస్యం చేస్తే చైన్, ఫ్రీవీల్, చైన్ వీల్ మూడింటికీ బిల్లవుతుంది.

గేర్లు లేని సైకిల్‌లో చైన్ మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం దాకా కదలొచ్చు. అంతకంటే వదులైతే వెనక చక్రం నట్లు కొద్దిగా వదులు చేసి, చక్రాన్ని వెనక్కి లాగి, రెండు పక్కలా సమానంగా బిగించాలి. చైన్ కలిపే లాకు క్లిప్పును కూడా చూడండి. దాని మూసి ఉన్న కొన చైన్ నడిచే దిక్కుకు ఉండాలి, తిరగేసి పెడితే ఊడిపోవచ్చు. ఈ రెండు పనులూ చేతకాకపోతే సైకిల్ షాపులో ఉస్తాద్‌కు వదిలేయడమే మేలు.

ఎన్నాళ్లకోసారి? రోజూ తొక్కే సైకిల్‌కు నెలకు ఒకటి రెండు సార్లు సరిపోతుంది. వానలో తడిస్తే మాత్రం అదే రోజు తుడిచి, ఆరాక ఆయిల్ వేయాలి.

చైన్ కవర్ ఊడిపోయిన సైకిల్ మీద దుపట్టా, బుర్ఖా, వదులు సల్వార్‌తో వెళ్లడం ప్రమాదం. ముందు కవర్ వేయించండి. ఇక జుమాకు ఇస్త్రీ చేసిన తెల్ల పైజామాకు చైన్ మరక అంటితే వెంటనే నీళ్లు పోయకండి. పొడి గుడ్డ మీదే గిన్నెల లిక్విడ్ రాసి, పావుగంట ఆగి, గోరువెచ్చని నీళ్లతో ఉతికితే చాలావరకు పోతుంది.