నెత్తి మీది పసుపు టోపీ ఎక్కడి నుంచి వచ్చింది?

తెల్లారి నాలుగున్నరకు క్యాంపు గేటు దగ్గర బస్సు ఎక్కేటప్పుడు మన చేతిలో మూడు వస్తువులు ఉంటాయి. టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా, హెల్మెట్. మొదటి రెండూ మనవి, మూడోది కంపెనీది. నేను స్టోర్లో క్లర్కుని కాబట్టి రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని ఆ మూడోది ఇచ్చేది నేనే. ఎండాకాలం వస్తే చాలు, ఇచ్చిన ప్రతివాడి దగ్గరా ఒకటే మాట వింటాను. "అన్నా, ఇది పెట్టుకుంటే నెత్తి ఉడికిపోతది."

మొన్న షటరింగ్ గ్యాంగులో కొత్తగా చేరిన జగిత్యాల తమ్ముడొకడు, "దీన్ని కనిపెట్టినోడు ఎవడన్నా? వాడు ఎప్పుడన్నా ఎండల పని చేసిండా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం జవాబు తెలియలేదు. రెండు శుక్రవారాలు కూర్చుని చదివితే తెలిసింది. వాడు హేళనకు అడిగినా ప్రశ్న మంచిదే. ఈ టోపీ కథలో ఎండలో పనిచేసిన కూలీలే సగం.

వందేళ్ళకు పైగా వెనక్కి పోతే చాలాచోట్ల కూలివాడి నెత్తి మీద గుడ్డ తప్ప ఏమీ ఉండేది కాదు. మన దగ్గర తలపాగా, బరువు మోసేవాళ్ళకు చుట్టకుదురు. 1955లో మొదలైన నాగార్జునసాగర్ రాతి ఆనకట్టకు రాళ్ళు మోసిన మన తాతల తరం నెత్తిన ఉన్నదీ అదే. చుట్టకుదురు బరువును ఆపుతుంది గానీ పైనుంచి పడే రాయిని ఆపదు.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ఊళ్ళో బుల్లార్డ్ అనే కుటుంబం 1898లో ఒక కంపెనీ పెట్టింది. గనుల్లో పనిచేసేవాళ్ళకు కార్బైడ్ దీపాలు, ఇతర సామాన్లు అమ్మేవాళ్ళు. ఆ ఇంటి కొడుకు ఎడ్వర్డ్ బుల్లార్డ్ మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళాడు. అక్కడ సైనికులకు ఇనుప టోపీలు ఉండేవి. తిరిగి వచ్చాక, సైనికుడికి ఉన్నది గని కూలికి ఎందుకు ఉండకూడదనుకున్నాడు. ఇనుము బరువు, ఖరీదు కూడా. అందుకని కాన్వాస్ గుడ్డను ఆవిరి పట్టి, జిగురుతో పొరలు అతికించి, పైన నల్లరంగు పూసి 1919లో ఒక టోపీ తయారుచేశాడు. ఆవిరి పెట్టి చేసింది కాబట్టి దానికి "హార్డ్ బాయిల్డ్ హ్యాట్" అని పేరు పెట్టారు, అంటే గట్టిగా ఉడికిన టోపీ. (మన తమ్ముడికి ఈ సంగతి చెబితే "అయితే మొదటి నుంచి ఉడుకుడేనా అన్నా" అన్నాడు.)

టోపీ తయారైనంత మాత్రాన అందరికీ అందలేదు. 1931లో కొలరాడో నది మీద హూవర్ డ్యామ్ పని మొదలైంది. అది ఎడారి లోయ. నిటారుగా ఉన్న కొండకు తాళ్ళతో వేలాడుతూ వదులైన రాళ్ళను పగలగొట్టి కిందికి తోసేవాళ్ళు కొందరు. ఒకడు తోసిన రాయి కింద వేలాడేవాడి నెత్తి మీద పడేది. వాళ్ళకు ఎవరూ హెల్మెట్లు ఇవ్వలేదు. వాళ్ళే తమ గుడ్డ టోపీలను తారులో ముంచి ఆరబెట్టారు. ఆరాక అవి రాయిలా గట్టిపడ్డాయి. కొందరికి రాయి తగిలిన దెబ్బకు దవడ ఎముక విరిగింది గానీ పుర్రె పగలలేదని డ్యామ్ రికార్డుల్లో ఉంది. అది చూశాక కాంట్రాక్టు కంపెనీ ఫ్యాక్టరీలో చేసిన టోపీలు వేలకొద్దీ తెప్పించింది. అంటే అక్కడ ముందు ఆలోచించింది తాడుకు వేలాడినవాడు, ఆఫీసు తర్వాత వచ్చింది.

ఇక శాన్‌ఫ్రాన్సిస్కోలోనే గోల్డెన్ గేట్ వంతెన. పని 1933 జనవరిలో మొదలై 1937 మే నెలలో వంతెన తెరిచారు. ఆ రోజుల్లో వంతెన పనుల్లో ఒక లెక్క నడిచేది. పది లక్షల డాలర్ల ఖర్చుకు ఒక ప్రాణం పోతుందని ముందే అనుకునేవాళ్ళు. సిమెంటు ఎన్ని బస్తాలో లెక్కేసినట్టు! ఈ వంతెన ఖర్చు మూడున్నర కోట్ల డాలర్లు. ఆ లెక్కన 35 మంది పోవాలి. చీఫ్ ఇంజనీరు జోసెఫ్ స్ట్రాస్ ఈ లెక్కను ఒప్పుకోలేదు. బుల్లార్డ్ కంపెనీ టోపీని వంతెన పనికి తగినట్టు మార్పించి అందరూ పెట్టుకోవాల్సిందే అన్నాడు. పెట్టుకోనివాడిని, ఎత్తు మీద వేషాలు వేసినవాడిని పనిలోంచి తీసేస్తామన్నాడు. నీళ్ళ మీద ఎండ మెరుపుకు కళ్ళద్దాలు, చలిగాలికి ముఖానికి, చేతులకు క్రీము ఇచ్చారు.

అన్నిటికంటే పెద్ద పని వంతెన కింద కట్టిన వల. మనీలా తాళ్ళతో అల్లిన ఆ వలకు లక్షా ముప్ఫై వేల డాలర్ల పైన ఖర్చయింది. అందులో పడి 19 మంది బతికారు. ఆ 19 మందీ తమకు తాము "నరకానికి సగం దారి వెళ్ళొచ్చిన క్లబ్బు" అని పేరు పెట్టుకున్నారు. పని మొదలై దాదాపు నాలుగేళ్ళ వరకు, అంటే 1936 అక్టోబర్ దాకా, ఒక్కడు కూడా చనిపోలేదు.

తర్వాత 1937 ఫిబ్రవరి 17. వంతెన అయిపోవచ్చింది. కాంక్రీటు కింది చెక్కలు విప్పుతున్నారు, అంటే మన షటరింగ్ విప్పే పనే. దానికోసం వేలాడదీసిన కదిలే పరంజా ఊడి వల మీద పడింది. మనిషిని ఆపిన వల అన్ని టన్నుల బరువును ఆపలేక చినిగిపోయింది. పదిమంది చనిపోయారు. ఇద్దరు రెండు వందల అడుగుల పైనుంచి నీళ్ళలో పడి కూడా బతికారు. మొత్తం మీద ఆ వంతెనకు 11 ప్రాణాలు పోయాయి. 35తో పోలిస్తే తక్కువే. కానీ ఆ పదిమందినీ తీసింది వల కాదు, పరంజా. షటరింగ్ గ్యాంగులో ఉన్నవాళ్ళు ఇది రెండోసారి చదవాలి.

అదే కాలంలో అదే దేశంలో ఇంకోటి జరిగింది. వెస్ట్ వర్జీనియాలో హాక్స్ నెస్ట్ అనే చోట 1930లో కరెంటు కోసం కొండకు సొరంగం తవ్వడం మొదలుపెట్టారు. పని కోసం వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ, వాళ్ళలోనూ నల్లవాళ్ళే ఎక్కువ. మనలాగే ఊరు వదిలి వచ్చినవాళ్ళు. కొండ రాయి నిండా సిలికా. నీళ్ళు పోస్తూ డ్రిల్లు వేస్తే దుమ్ము తగ్గుతుంది గానీ పని నెమ్మదిస్తుందని పొడిగానే వేయించారు. కూలీలకు మాస్కులు ఇవ్వలేదు. తనిఖీకి లోపలికి వచ్చిన పెద్దలు మాత్రం మాస్కులు పెట్టుకుని వచ్చారు. అంటే దుమ్ము సంగతి వాళ్ళకు తెలుసు. 1936లో అమెరికా పార్లమెంటు విచారణలో చనిపోయినవాళ్ళు 476 మంది అన్నారు. తర్వాత లెక్క కట్టినవాళ్ళు 764 అన్నారు. నేను చదివినవాటిలో నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే.

టోపీ తర్వాత చాలా మారింది. 1938లో అల్యూమినియం, ఆ తర్వాత ఫైబర్ గ్లాస్, ఇప్పుడు ప్లాస్టిక్. కరెంటు పనికి అల్యూమినియం పనికిరాదు కదా. అసలు కాపాడేది మాత్రం పైడిప్ప ఒక్కటే కాదు, లోపలి పట్టీలు కూడా. డిప్పకూ నెత్తికీ మధ్య దాదాపు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉంటుంది. దెబ్బ తగిలితే పట్టీలు సాగి ఆ బరువును నెత్తి అంతా పంచుతాయి. మనవాళ్ళు ఆ ఖాళీలో సిగరెట్ పెట్టె, ఫోను, మడిచిన తువ్వాలు పెడతారు. అప్పుడు అది ఒట్టి గిన్నె. ఎండకు ప్లాస్టిక్ పెళుసవుతుంది. అంచు కింద తయారైన నెల, సంవత్సరం అచ్చు వేసి ఉంటుంది, తిప్పి చూసుకోండి. పట్టీలు ఏడాదికి, డిప్ప ఐదేళ్ళకు మార్చమని కొన్ని తయారీ కంపెనీలే చెబుతాయి.

నడుము బెల్టు సంగతీ ఇంతే. పడినప్పుడు అది కడుపునూ వెన్నునూ దెబ్బతీస్తుందని, పడేవాడిని ఆపడానికి వాడకూడదని అమెరికాలో 1998 జనవరి నుంచి నిషేధించారు. ఇప్పుడు భుజాలూ తొడలూ కలిపి కట్టే హార్నెస్ వాడుతున్నది అందుకే.

ఇక డబ్బు సంగతి. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. నేను ఇంతకు ముందు పనిచేసిన ఒక కంపెనీలో హెల్మెట్ పగిలినా పోయినా జీతంలో కటింగ్ ఉండేది. ఆ కటింగ్ షీటు టైపు చేసింది నేనే. ఒకసారి పైనుంచి పడిన పైపు క్లాంపు తగిలి పగిలిన హెల్మెట్‌కు కూడా కట్ చేశాం. ఆ హెల్మెట్ ఆ అన్న ప్రాణం కాపాడింది. మేము దాని ఖరీదు అతని దగ్గరే వసూలు చేశాం. అతను గొడవ పడలేదు, "పోనీ తియ్ తమ్మీ" అన్నాడు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో చేసిన 155వ ఒప్పందం 21వ అధికరణలో స్పష్టంగా ఉంది. సేఫ్టీ కోసం చేసే ఏర్పాట్లకు కార్మికుడికి ఏ ఖర్చూ పడకూడదు. 2022లో ఈ ఒప్పందాన్ని మౌలికమైనవాటిలో చేర్చారు. ఇది నాకు అప్పుడు తెలియదు. తెలిసినా అడిగి ఉండేవాడినో లేదో చెప్పలేను, క్లర్కు ఉద్యోగం అలాంటిది. ఇప్పుడున్న చోట మాత్రం ఆ పేజీ ప్రింటు తీసి అడ్మిన్ బాబు టేబుల్ మీద పెట్టాను. ఆయన చదివి ఏమీ అనలేదు. రెండు నెలల తర్వాత పగిలినవి వెనక్కి ఇస్తే కటింగ్ లేకుండా కొత్తది ఇమ్మని కాగితం వచ్చింది. పోయినవాటికి కటింగ్ ఇంకా ఉంది. కాబట్టి పగిలితే ముక్కలు పారేయకండి, స్టోర్‌కు తీసుకురండి. సాయంత్రం ఏడు దాకా నేను ఉంటాను.