శత్రువువలె వచ్చే ఆదేశం: ఒక రసాయనచర్య చరిత్ర

సంధి ప్రకరణం చదివినవారికి ఆగమానికీ ఆదేశానికీ గల భేదం చెప్పనక్కరలేదు. ఆగమం మిత్రునివలె వచ్చి ఉన్నవారి పక్కన ఒదిగి కూర్చుంటుంది. మా, అమ్మ కలిస్తే నడుమ యకారం చేరి మాయమ్మ అయినట్లు. ఆదేశం అటువంటిది కాదు. శత్రువువలె వచ్చి ఉన్న అక్షరాన్ని లేవగొట్టి ఆ పీట మీద తాను కూర్చుంటుంది. వాడు గొట్టె అన్నచోట కకారాన్ని తొలగించి గకారం నిలిచింది కదా.

రసాయనశాస్త్రంలో ప్రతిక్షేపణ అనబడే చర్య అచ్చమైన ఆదేశం. కార్బన్ పరమాణువును అంటిపెట్టుకొని ఉన్న ఒక సమూహం వెళ్లిపోతుంది, మరొకటి ఆ స్థానంలోకి వస్తుంది. అయితే వైయాకరణుడు అడగని ప్రశ్న ఒకటి రసాయనికుడు అడిగాడు. పాతది తనంతట తాను లేచిపోయాక కొత్తది వచ్చిందా, లేక కొత్తది వచ్చి నెట్టితే పాతది పోయిందా? ఈ చిన్న ప్రశ్నకు సమాధానం దొరకడానికి సుమారు నలభై ఏళ్లు పట్టింది.

కథ 1896లో రీగా నగరంలో మొదలవుతుంది. నేడు లాట్వియా రాజధాని అయిన ఆ ఊరు అప్పుడు రష్యా సామ్రాజ్యంలోనిది. అక్కడి ఆచార్యుడు పాల్ వాల్డెన్ ఆపిల్ పండ్లలో ఉండే మాలిక్ ఆమ్లంపై పనిచేస్తున్నారు. మన కుడిచేయి, ఎడమచేయి ఒకదానికొకటి అద్దంలోని ప్రతిబింబాలైనట్లే ఈ ఆమ్లానికీ రెండు రూపాలున్నాయి. ధ్రువిత కాంతిని ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిప్పుతుంది. వాల్డెన్ ఎడమకు తిప్పే మాలిక్ ఆమ్లాన్ని ఫాస్ఫరస్ పెంటాక్లోరైడుతో క్లోరోసక్సినిక్ ఆమ్లంగా మార్చారు. దానిని పొటాసియం హైడ్రాక్సైడుతో తిరిగి మారిస్తే మొదటి ఎడమ రూపమే వచ్చింది. తడి సిల్వర్ ఆక్సైడుతో మారిస్తే మాత్రం కుడి రూపం వచ్చింది! బయలుదేరిన ఊరికే తిరిగివచ్చినా ఎడమచేయి కుడిచేయి అయిపోయింది. ఎక్కడో ఒక మెట్టులో అణువు తిరగబడింది. ఏ మెట్టులో? ఎందుకు? వాల్డెన్ విలోమం అని దానికి పేరు వచ్చింది గాని, కారణం తెలియలేదు.

1923లో లండన్ బ్యాటర్సీ పాలిటెక్నిక్‌లో హెన్రీ ఫిలిప్స్ ఒక యుక్తి పన్నారు. కార్బన్‌కూ ఆక్సిజన్‌కూ గల బంధం తెగని మెట్లను, తెగి తీరవలసిన మెట్టును వేరుచేసి చూశారు. బంధం తెగనిచోట తిరగబడడానికి ఆస్కారమే లేదు గనుక, తెగినచోటనే తిరగబడాలి. స్థలం దొరికింది, విధానం ఇంకా దొరకలేదు.

దానిని లండన్ యూనివర్సిటీ కాలేజీలో క్రిస్టఫర్ ఇంగోల్డ్, వేల్స్ ప్రాంతం నుండి వచ్చిన ఎడ్వర్డ్ హ్యూస్ సాధించారు. ఆదేశానికి రెండు దారులున్నవని వారు చెప్పారు. మొదటి దారిలో పాతది తానే లేచిపోతుంది. ఖాళీ అయిన స్థానంలోకి కొత్తది ఏ వైపునుండైనా రావచ్చు. రెండవదానిలో కొత్తది వెనుకనుండి వచ్చి నెడుతుంది. గాలివానలో గొడుగు వెనక్కు విరుచుకున్నట్లు అణువు తిరగబడుతుంది. కీలకమైన మెట్టులో పాల్గొనే అణువుల లెక్కను బట్టి వీటిని ఎస్‌ఎన్1, ఎస్‌ఎన్2 అన్నారు.

చెప్పడం సులువు, రుజువు కష్టం. 1934లో జోలియో క్యూరీ దంపతులు కృత్రిమ రేడియోధార్మికతను కనుగొన్నారు. మరుసటి సంవత్సరమే హ్యూస్ బృందం దానిని వినియోగించుకుంది. ఐడోఆక్టేన్‌లోని అయొడిన్‌ను తొలగించి రేడియోధార్మిక అయొడిన్‌నే ఆదేశంగా తెచ్చారు. లెక్క చూడండి. నూరు కుడి అణువులలో ఒకదానికి ఆదేశం జరిగి అది ఎడమదైతే, మిగిలిన తొంభైతొమ్మిదిలో ఒకదాని ప్రభావాన్ని అది రద్దుచేస్తుంది. నికరంగా మిగిలేది తొంభైయెనిమిది. అంటే ప్రతి ఆదేశమూ విలోమమే అయితే, కాంతిని తిప్పే శక్తి ఆదేశవేగానికి రెండింతల వేగంతో తగ్గాలి. కొలిచిచూస్తే అలాగే తగ్గింది!

వాల్డెన్ చిక్కుముడి 1937లో విడింది. సిల్వర్ ఆక్సైడు సమక్షంలో అణువులోని పొరుగు సమూహమే ముందుగా వెనుకవైపు కాపు కాస్తుంది, తరువాత నీరు వస్తుంది. రెండుమార్లు తిరగబడితే తిరగబడనట్లే కదా.

ఇక పేర్ల తగాదా. ఎలక్ట్రాన్‌లను ఇచ్చి కేంద్రకాన్ని కోరుకొనే ఆ శత్రువుకు ఇంగోల్డ్ 1933లో న్యూక్లియోఫైల్ అని పేరు పెట్టారు. విత్తనపు పప్పు అనే అర్థంగల లాటిన్ మాట, ప్రియం అనే గ్రీకు మాట కలిసిన దుష్టసమాసం అది. మాంచెస్టర్ ఆచార్యుడు ఆర్థర్ లాప్‌వర్త్ 1925లోనే ఇటువంటి విభజన చేసి ఆనయనాయిడ్, కాటయనాయిడ్ అన్నారు. ఆ మార్గంలో నడిచిన రాబర్ట్ రాబిన్సన్, తమ భావాలకే ఇంగోల్డ్ కొత్త పేర్లు తొడిగాడని జీవితాంతం నొచ్చుకున్నారు. 1930లో రాబిన్సన్ ఖాళీచేసిన యూనివర్సిటీ కాలేజీ పీఠానికే ఇంగోల్డ్ రావడం విచిత్రం, అదీ ఒక ఆదేశమే. రాబిన్సన్‌కు 1947లో నోబెల్ బహుమతి వచ్చింది, ఇంగోల్డ్‌కు రానేలేదు. అయినా నేటి విద్యార్థి నోట నిలిచినవి ఇంగోల్డ్ మాటలే.

రాబిన్సన్ ఆవేదనలో న్యాయం లేదనలేము. కాని ఆనయనాయిడ్ అన్న మాట అణువు దేనివలె ఉంటుందో చెబుతుంది, న్యూక్లియోఫైల్ అన్నది అది దేనిని వెదుకుతుందో చెబుతుంది. వ్యుత్పత్తిలోనే క్రియ ఉన్న మాట బ్రతికింది. దాని వెనుక రెండింతల లెక్క కూడా నిలిచింది గనుక మరింత గట్టిగా బ్రతికింది. రుజువు లేని పేరు ఆభరణమే, పేరు లేని రుజువు మూగది.

మన పదనిర్మాతలకూ ఇది పనికివచ్చే పాఠం. న్యూక్లియోఫైల్‌ను కేంద్రకప్రియం అంటే చెవికి ఇంపుగానే ఉంటుంది. సమాసమూ నిర్దుష్టం. అయితే వెనుకనుండి వచ్చి నెట్టే ఆ ఆదేశకుని దూకుడు ఆ మాటలో వినిపిస్తున్నదా? అంతకంటె మంచి మాట మిత్రులకు ఎవరికైనా తోస్తే చెప్పండి, సంతోషంగా స్వీకరిస్తాను.