మంచుకొండకు రాత్రి ప్రయాణం

పూతలపట్టు పరిసరాల శ్రోతలకు కొండ ఎక్కడం కొత్త కాదు. ఎండ బాధ తప్పించుకొనడానికి రాత్రివేళ తిరుమల మెట్లెక్కిన పెద్దలు ఆ ప్రాంతాన ఎందరో ఉన్నారు. మంచు కప్పిన అగ్నిపర్వతాన్ని సైతం రాత్రిపూటనే ఎక్కుతారంటే మాత్రం వారికి వింతగా తోచవచ్చు. అట్టి పర్వతమొకదాని చరిత్రను ఇక్కడ మనవి చేయదలచినాము.

ఆఫ్రికాలోని టాంజానియా దేశంలో, భూమధ్యరేఖకు సమీపాన, 5,895 మీటర్ల ఎత్తున కిలిమంజారో నిలిచి ఉన్నది. మన హార్సిలీ కొండలు 1,300 మీటర్లకు లోపే. 1848లో రెబ్‌మాన్ అనే మతబోధకుడు ఆ శిఖరంపై మంచును చూచి వ్రాయగా ఐరోపా పండితులు పలువురు నమ్మలేదు.

1887లో హాన్స్ మేయర్ అనే జర్మనుడు దానిని ఎక్కబోయి, మంచుగోడ అడ్డగింపగా మరలినాడు. 1888లో తీరప్రాంతపు తిరుగుబాటులో బందీ అయినాడు. 1889లో ఆస్ట్రియా దేశీయుడైన పుర్చెల్లర్‌తో మూడవసారి వచ్చినాడు. ఈసారి మార్పు ధైర్యంలో కాదు, ఏర్పాటులో వచ్చినది. దారిలో మజిలీలు నెలకొల్పి, కూలీలు క్రిందినుండి ఆహారం చేరవేసే పద్ధతి పెట్టినాడు. అక్టోబరు 3న ఇరువురూ తెల్లవారకముందే బయలుదేరి, మంచులో మెట్లు చెక్కుకొంటూ పర్వతముఖపు అంచు చేరినారు. అసలు శిఖరం ఇంకా దూరాన కనిపించినది. శక్తి చాలదని గ్రహించి దిగివచ్చినారు. అక్టోబరు 6న, ఆ మెట్ల మీదుగానే వెళ్లి, శిఖరం చేరినారు.

1912, 2011 సంవత్సరాల మధ్య అక్కడి మంచులో సుమారు 85 శాతం కరగిపోయినది. అందుచేత తాడు పట్టడం తెలియనివారు కూడా నేడు సాధారణ మార్గాన ఎక్కగలుగుతున్నారు. అయితే ఇది ఒక్క రాత్రి పని కాదు. ఐదారు దినాల ప్రయాణంలో ఆ రాత్రి ఒక ఘట్టం మాత్రమే. శిఖరం వద్ద గాలి ఒత్తిడి సముద్రతీరాన ఉన్నదానిలో సగమే. మరంగు దారిలో, 3,720 మీటర్ల ఎత్తున ఉన్న హొరోంబో మజిలీలో, ఒక దినం అదనంగా ఆగితే దేహం కొంత అలవాటు పడుతుంది. లేనిచో తలనొప్పి, వాంతులు పట్టుకొంటాయి. ముదిరితే ఊపిరితిత్తులలోనో మెదడులోనో నీరు చేరి ప్రాణాపాయం కలుగుతుంది.

కిబో మజిలీనుండి బయలుదేరేది అర్ధరాత్రి. చలికి గులకరాళ్లు బిగిసి అడుగు జారదు. తెల్లవారేసరికి అంచు చేరి, మబ్బులు కమ్మేలోగా దిగిరావచ్చు. దారి చూపేవారు మాటిమాటికీ ‘పోలే పోలే’ అంటారు. మన ‘నిదానమే ప్రధానం’ అన్నదే ఆ మాట.

నెల్లూరు జిల్లావాడైన మల్లి మస్తాన్ బాబు 2006 మార్చి 15న ఈ శిఖరం ఎక్కినాడు. ఆ యేడే 172 దినాలలో ఏడు ఖండాల ఉన్నత శిఖరాలనూ ముగించినాడు. అంతటివాడు 2015లో ఆండీస్ పర్వతాలలో, ట్రెస్ క్రూసెస్ అనే అగ్నిపర్వతంపై ఒంటరిగా ఉండి, తిరిగిరాలేదు.

కొత్తగా కొండకు బయలుదేరే పిల్లలను ఇంటివారు ‘ఎంత ఎత్తు ఎక్కుతావు?’ అని అడుగుతారు. ‘నీ వెంట ఎవరున్నారు? ఏ గంటకు వెనుదిరుగుతావు?’ అని అడగడం అంతకన్న అవసరమని మా అభిప్రాయం.