నడిమి గీత

మనస్తత్వశాస్త్రం చదువుతానంటాండావు కదమ్మా, ఐతే నీకు మెక్‌లెలాండ్ దొర సంగతి చెప్పల్ల. ఇట్లా మంట దగ్గరికి జరుగు. అమెరికాలో శానా పేరున్నోడే గానీ, ఆయప్ప తన సిద్ధాంతానికి గట్టి పరీక్ష పెట్టింది మన తెలుగోళ్ళ మీదనే. కాకినాడ వ్యాపారస్తుల మీద.

డేవిడ్ మెక్‌లెలాండ్ పుట్టింది 1917లో. నాయన మెథడిస్టు పాదిరి, ఒక కాలేజీకి పెద్ద గూడా. ఈయప్ప 1941లో యేల్‌లో డాక్టరేటు చేసి, వెస్లియన్‌లో పాఠాలు చెప్పి, 1956లో హార్వర్డు చేరినాడు. ఆ కాలంలో అమెరికా పండితులు ఎలకల్ని పస్తు పెట్టి వాటి నడవడి చూసేవాళ్ళు. ఈయప్ప ఇంకో ఆకలి మీద పడినాడు. ఈ పని ఇంకా బాగా చెయ్యల్ల, నా మునుపటి పనిని నేనే మించల్ల అనే ఆకలి.

దాన్ని కొలిచేదెట్ల? ఒక బొమ్మ చూపించి, దీని మీద కథ రాయి అంటాడు. ఆ కథలో ఎవరన్నా పని సాధించాలని తపించినారా, అడ్డం వచ్చినదాన్ని దాటినారా, అవి లెక్కపెట్టి మార్కులేస్తాడు. అంతటితో ఊరుకోల్యా. దేశదేశాల చిన్నపిల్లోళ్ళ వాచకాలు తెప్పించి ఆ కథలకూ మార్కులేసి, ఆ దేశాల్లో కరెంటు ఉత్పత్తి ఎంత పెరిగిందో దాంతో పోల్చినాడు. పాత గ్రీకు కుండల మీద గీతలు గూడా వదల్లేదంటే చూడు! అదంతా 1961లో ‘ది అచీవింగ్ సొసైటీ’ అని అచ్చేసినాడు. ఆ కుండల లెక్క నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

మల్ల, ఈ కోరిక పుట్టుకతో వచ్చేదా, నేర్పితే వచ్చేదా? అది తేల్చేదానికే కాకినాడ. హైదరాబాదులో చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ఉండె, సియెట్ అనేటోళ్ళు. 1962లో ఢిల్లీ నుంచి వచ్చింది. రాజధాని మన కర్నూల్లోనే ఉండింటే అది తుంగభద్ర గట్టుకే వచ్చిండునేమో, పోనీలే. 1964లో కాకినాడ వ్యాపారస్తుల్ని జట్లు జట్లుగా హైదరాబాదుకు పిలిచి, పదేసి దినాలు పెట్టుకున్యారు. కథలు రాయించేది, ఆటలాడించేది, రాబోయే రెండేండ్లలో ఏం చేస్తావో కాగితం మీద పెట్టించేది. పోల్చి చూసేదానికి రాజమండ్రోళ్ళను శిక్షణ లేకుండా ఇడిసిపెట్టినారు. రెండేండ్లకు చూస్తే, శిక్షణ పొందినోళ్ళలో దగ్గర దగ్గర సగం మంది కొత్తగా పెట్టుబడి పెట్టేదో, పని పెంచేదో చేసినారు. లేనోళ్ళలో పావువంతు. కులం, పూజలు, పాత నమ్మకాలు వ్యాపారానికి అడ్డమని శానామంది అనుకుంటాండ్రి. అదేం లేదని తేలింది. నామం పెట్టుకున్నోడు గూడా మిషను కొన్యాడు.

ఆ ఆటల్లో ఒగటి నేనూ ఆడినా. ఎనభైల్లో మా నంద్యాల నూనె మిల్లు గుమస్తాగా నన్నొక శిక్షణకు పంపినారు. మేకు నాటి, తాడు చుట్టలిచ్చి, యాడ నిలబడి విసురుతావో నీ ఇష్టం అన్యారు. తిరునాళ్ళలో ఆడే ఆటే! మరీ దగ్గర నిలబడినోడు భయస్తుడు, మరీ దూరం పోయినోడు జూదగాడు, నడిమి గీత మీద నిలబడి గురి చూసేవాడే వ్యాపారానికి పనికొచ్చేవాడు. అది మెక్‌లెలాండ్ లెక్క.

మా షావుకార్లంతా నడిమి గీత మీదనే నిలబడిరి. పత్తికొండ దిక్కు నుంచి వచ్చిన ఒక బుడ్డల రైతు మాత్రం గోడ కాడికి పోయి విసిరినాడు. ఎందుకప్పా అంటే, “సార్, దగ్గర నిలబడేదంటే మాకు చేను బీడు పెట్టేదే. విత్తినామా, ఇత్తనం, ఎరువు, అప్పు అన్నీ ముందే నేలలో పోసి మోడాలకల్ల చూస్తా కూచునేది. నడిమిన నిలబడే తావు మా కయ్యలో యాడుంది?” అన్యాడు. నేర్పే ఆయన కాగితంలో జూదగాడనే రాసుకున్యాడు.

1952 కరువులో గంజి కేంద్రం కాడ బొచ్చె పట్టుకొని నిలబడినోణ్ణి నేను. ఆ వరుసలో ఉన్నోళ్ళకు కోరిక తక్కువైందని ఎవరన్నా అంటే నేనొప్పను. కాకినాడకు గోదారి నీళ్ళున్నాయి, రేవుంది. మనకు కె.సి. కాలువ కింద పారే నాలుగు కయ్యలు తప్పితే తక్కిందంతా వాన దయ.

దొరను తిట్టేదానికి చెప్పల్యా ఇది. 1969లో డేవిడ్ వింటర్ అనే ఆయనతో కలిసి కాకినాడ లెక్కలు పుస్తకంగా వేసినప్పుడు, ఆయప్పే ఒక మాట పెట్టినాడు. శిక్షణతో ఎక్కువ మారింది వ్యాపారం మీద పెత్తనం తన చేతిలో ఉన్నోళ్ళేనంట. నాయన కిందో, అన్న కిందో పనిచేసేటోళ్ళలో అంత మార్పు రాల్యా. పత్తికొండ రైతు చెప్పిందీ అదే కదా, పెత్తనం వానది.

ఆ పుస్తకం మీ కాలేజీలో దొరికితే తెచ్చిపెట్టు తల్లీ. రాజమండ్రోళ్ళ పట్టికలు ఇంకోసారి చూడల్ల నేను.