జ్వరంలో ముద్ద ఎందుకు దిగదు: శోథ, మెదడు, ఆకలి

జ్వరం వచ్చిన మనిషికి అన్నం సహించదు. నోరు చేదుగా ఉందని, వాసనే గిట్టడం లేదని కంచం పక్కకు నెడతాడు. ఇంట్లోవారు దాన్ని మొండితనంగా భావించి కసురుకోవడం కద్దు. నిజానికి ఆ నిర్ణయం మెదడులో జరుగుతుంది. మలేరియా, క్షయ పాతుకుపోయిన బస్తర్ వంటి ప్రాంతంలో ఈ సంగతి రోగి ప్రాణాలతో ముడిపడినది.

ఒడిశా సరిహద్దుకు దగ్గరగా, జగదల్‌పూర్‌కు చేరువలో ఉన్న నగర్‌నార్ పేరు 2023 అక్టోబర్ 3న ఎన్‌ఎండీసీ ఉక్కు కర్మాగారం జాతికి అంకితమైనప్పుడు దేశమంతటా వినిపించింది. అంతకు మూడేళ్ల ముందు, 2020 జనవరిలో, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమాన్ని ప్రారంభించి ఇంటింటా రక్తపరీక్షలు చేయించింది. జ్వరమే లేనివారిలో కూడా మలేరియా పరాన్నజీవి బయటపడింది.

శరీరంలోకి క్రిమి ప్రవేశించినప్పుడు రక్షణ కణాలు స్పందించే తీరునే శోథ లేదా ఇన్‌ఫ్లమేషన్ అంటారు. ఆ కణాలు ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్‌ఎఫ్ వంటి సైటోకైన్లను విడుదల చేస్తాయి. ఈ సంకేతాలు కొంత రక్తం ద్వారా, కొంత వేగస్ నాడి ద్వారా మెదడుకు చేరతాయి. మెదడు అడుగుభాగాన ఉండే హైపోథాలమస్‌లో ఆకలిని రేపే నాడీకణాలు, అణచే నాడీకణాలు పక్కపక్కనే పనిచేస్తుంటాయి. శోథ సమయంలో అణచే పక్షానిదే పైచేయి అవుతుంది. ఒత్తిడికి లోనైన కణాలు వెలువరించే జీడీఎఫ్-15 అనే ప్రోటీన్ మెదడు కాండాన్ని తాకి వికారం కలిగిస్తుంది. దేహాన్ని కృశింపజేసే పదార్థంగా గుర్తించి ‘కాకెక్టిన్’ అని పేరు పెట్టినది, టీఎన్‌ఎఫ్ ఒక్కటేనని 1985లో తేలింది. కృశించడమనే అర్థం మన ‘క్షయ’ అన్న మాటలో ఎప్పటినుంచో ఉంది.

లంఖణం పరమౌషధమన్న సామెతలో కొంత నిజముంది, కొంతే. 2016లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకలపై జరిపిన ప్రయోగంలో, ఒక రకం బ్యాక్టీరియా సోకినవాటికి బలవంతంగా ఆహారమివ్వడం హాని చేసింది. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ సోకినవాటిని మాత్రం అదే ఆహారం కాపాడింది. రెండు మూడు రోజుల జ్వరంలో ఆకలి మందగించినా దేహం తట్టుకుంటుంది. నెలల తరబడి సాగే క్షయలో ఆ వెసులుబాటు లేదు.

ఇందుకు సాక్ష్యం ఛత్తీస్‌గఢ్‌లోనే ఉంది. బిలాస్‌పూర్ సమీపంలోని గనియారీలో జన స్వాస్థ్య సహయోగ్ సంస్థ చికిత్స అందించిన 1,695 మంది ఊపిరితిత్తుల క్షయ రోగుల వివరాలు 2013లో ప్రచురితమయ్యాయి. రోగ నిర్ధారణ నాటికి పురుషుల మధ్యస్థ బరువు సుమారు 42 కిలోలు, స్త్రీలది 34 కిలోలు. వీరిలో చాలామంది వ్యాధికి ముందే అర్ధాకలితో ఉన్నవారు. లేమి తెచ్చిన ఆకలి ఒకవైపు, వ్యాధి చంపేసిన ఆకలి మరొకవైపు. అదే పరిశోధకులు పొరుగున ఉన్న జార్ఖండ్‌లో నిర్వహించిన ‘రేషన్స్’ అధ్యయనం 2023లో వెలువడింది. చికిత్స మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగిన రోగుల్లో మరణ ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది.

శోథ అన్నివేళలా ఆకలిని చంపదు. ఊబకాయంలో కథ తారుమారవుతుంది. కొవ్వు కణాలనుంచి వచ్చి ‘ఇక చాలు’ అని చెప్పే లెప్టిన్ హార్మోన్‌ను 1994లో కనుగొన్నారు. అధిక కొవ్వు మేత తిన్న ఎలుకల హైపోథాలమస్‌లో కొద్ది రోజులకే స్వల్పస్థాయి శోథ మొదలవుతుందని 2012 నాటి పరిశోధన చూపింది. లెప్టిన్ మాట మెదడుకు సరిగా వినబడకపోవడానికి ఇదొక కారణమని శాస్త్రవేత్తల భావన.

క్షయ రోగికి ఆకలి పుట్టించే తొలి మందు క్షయ మందే. క్రిములు తగ్గేకొద్దీ సైటోకైన్లు తగ్గి రుచి తిరిగి వస్తుంది. ఈలోగా పెద్ద కంచం ముందుంచి ఒత్తిడి చేయడంకన్నా కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టడం మేలు. బస్తర్‌లో ‘పేజ్’ అని పిలిచే పలుచని రాగి అంబలి గొంతు దిగడం తేలికే గాని, దానితోపాటు పప్పు, గుడ్డు, వేరుశనగ వంటి మాంసకృత్తులు కూడా అందాలి. నిక్షయ్ పోషణ్ యోజన కింద చికిత్స కాలంలో నెలకు 500 రూపాయలుగా ఉన్న సాయాన్ని కేంద్రం 2024 నవంబర్ నుంచి 1,000 రూపాయలకు పెంచింది. రెండో నెల ముగిసేసరికి బరువు పెరగకపోతే ఆ విషయాన్ని వైద్యుడి దృష్టికి తీసుకువెళ్లాలి.